తెర తడపని మధ్యాహ్నం

వట్టివేళ్ళ తెర తడపలేదని ఆ మంగళవారం మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది.

"పన్నెండింటికి ఓసారి, రెండింటికి ఓసారి, నాలుగింటికి ఓసారి. అంతకన్నా ఏం అడిగానమ్మా నిన్ను?" అన్నారు మా అత్తగారు సీతారావమ్మగారు, ఎండిన తెరని వేలితో మీటి చూస్తూ. ఆవకాయకి ఆవాలు ఎండబెట్టడానికి మేడ మీదకి వెళ్తూ ఆవిడ నాకు అప్పగించిన పని అది.

"నిద్ర పట్టేసింది అత్తయ్యా. తెల్లవార్లూ పాప పాలకి లేస్తూనే ఉంది."

"రోహిణి కార్తె వచ్చేసింది. పసిగుడ్డు పడుకునే గది. ఆ తెర చూడు, కాల్చిన అప్పడంలా ఉంది."

"చెంబుతో పోస్తే కారిపోతుంది, మగ్గుతో చల్లమన్నది మీరే. ఆ మగ్గు మీరు మేడ మీదకి పట్టుకెళ్ళారు."

"ఓహో! తప్పు మగ్గుదన్నమాట."

ఆవిడ విసురుగా వెళ్ళి మగ్గు తెచ్చి, తెర మీద నీళ్ళు చల్లారు. గది నిండా వట్టివేళ్ళ వాసన లేచింది. తర్వాత తడిగుడ్డ పిండి పాప వీపు మీద పరిచారు. అంతవరకూ కదలకుండా నిద్రపోతున్న పాప ఒక్కసారి ఉలిక్కిపడి లేచింది. కాసేపటికి పాల కోసం ఏడుపు అందుకుంది.

నాలుగింటికి పాపని తూచాను. ఆవకాయ పిండి తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద స్టీలు బేసిన్, బేసిన్‌లో మెత్తటి పంచె, పంచెలో పాప. కాటా ఒక రోజంతా తనకి దొరకడం లేదని అత్తగారికి అదొక కోపం. చూసిన అంకె పుస్తకంలో రాశాను. అప్పటికి అదేమీ నా బుర్రకెక్కలేదు.

పాప ఫిబ్రవరి మొదట్లో పుట్టింది, ముప్ఫై వారాలకే. పన్నెండు వందల యాభై గ్రాములు. చేతిలో పెడితే బరువు తెలియలేదు, చలి మాత్రం తెలిసింది. వేడి పెట్టిన గాజు పెట్టెలోంచి రెండు నిమిషాలు బయటకు తీస్తే చాలు, కాళ్ళు నీలం తిరిగేవి.

మా ఆయన వంశీధర్ పనిచేసేది గుంటూరు రోడ్డులో ఉన్న ఒక పరిశోధనశాలలో. ఆ వారమే నన్ను అక్కడికి తీసుకెళ్ళి రెండు గాజు పళ్ళేలు చూపించాడు. ఒకదాంట్లో ఉన్నది పేరిన నెయ్యిలా తెల్లగా ఉంది. రెండోదాంట్లో ఉన్నది బెల్లం రంగులో ఉంది.

"తెల్లది పెద్దవాళ్ళ కొవ్వు. అది దాచుకునే సరుకు. ఇది నెలలు నిండి పుట్టిన బిడ్డ కొవ్వు. ఇది కాల్చుకునే సరుకు," అన్నాడు. రెండింటిలోనూ సన్నటి ఉష్ణమాపకం గుచ్చి, చలి వేసినప్పుడు ఒంట్లో ఊరే రసాయనాన్ని ఒక్కొక్క చుక్క వేశాడు. తెల్లదాని అంకె కదల్లేదు. బెల్లం రంగుదాని అంకె నా కళ్ళ ముందే రెండు డిగ్రీలు పైకి పోయింది.

"పసిపిల్లలకి వణకడం రాదు హైమా. మనం వణికి వేడి పుట్టించుకుంటాం. వాళ్ళకి భుజాల మధ్య, మెడ చుట్టూ, కిడ్నీల దగ్గర ఈ కుంపటి ఉంటుంది. చలి తగిలితే అదే రాజుకుంటుంది. కడుపులో చివరి రెండు నెలల్లో తయారయ్యే సరుకు. మన పాప ఆ రెండు నెలలూ లోపల లేదు."

వాళ్ళ శాల కనిపెట్టింది ఆ కుంపటిని బయట పెంచే విధానం. బొడ్డుతాడులోంచి కణాలు తీసి, ఆవగింజంత బీజంగా పెంచి, సూదితో బిడ్డ భుజాల మధ్య నాటుతారు. నేను సంతకం పెట్టాను. తొమ్మిదో రోజుకి పాప పెట్టె అవసరం లేకుండా నా గుండె మీద వెచ్చగా పడుకుంది. ఆ వెచ్చదనం తెలిసిన తల్లులం తొమ్మిదిమందిమి. తొమ్మిదిమంది పిల్లలూ బతికారు.

ఎండలు ముదిరి ఇళ్ళల్లో ఫ్యాన్లు తిరగడం మొదలైన ఏప్రిల్ నుంచి కథ మారింది. పిల్లల ఒళ్ళు కాలడం మొదలుపెట్టింది. ఎంత పాలు తాగినా ఆకలే. మా పాప ఏప్రిల్ పదో తేదీన మూడు కిలోల నూట ముప్ఫై గ్రాములుండేది. ఆ మంగళవారానికి ముందురోజు రెండు కిలోల ఆరువందల డెబ్భై. నెలలు నిండిన పిల్లల్లో పెరిగే కొద్దీ ఆ కొవ్వు తగ్గుతూ పోతుందట. మేం నాటించిన బీజానికి తగ్గడం తెలియదు. అది అదుపు తప్పి పెరుగుతోందని శాల పెద్ద డాక్టర్ ఫిరోజా గారు తేల్చారు. పిల్లల ఒళ్ళు చల్లబరచమని అన్ని ఇళ్ళకీ కూలర్లు పంపించారు. ఆ రొదకి తన తల పగిలిపోతుందని అత్తగారు మా కూలర్ని వెనక్కి పంపేశారు. దాని బదులు వట్టివేళ్ళ తెర, గంటకోసారి తడిగుడ్డ, మాడు మీద ఆముదం. పిల్లకి వేడి చేసింది, చలవ చెయ్యాలి, అంతే. నేనూ కాదనలేదు. జ్వరంలా కాలుతున్న బిడ్డకి ఎవరైనా అదే చేస్తారు.

మే నెల మొదట్లో ఆ తొమ్మిదిమందిలో ఏడో నంబరు పాప శాల వార్డులో చనిపోయింది. ఆ తర్వాత ఫిరోజా గారు ఇంక ఆగదలచుకోలేదు. ఆ మంగళవారం తర్వాత వచ్చే సోమవారం మిగిలిన ఎనిమిదిమందికీ ఆర్పే సూది. ఆ మందు బీజాన్ని చంపేస్తుంది. దాని పక్కనున్న వాటిని ఏం చేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. పది ఎలుకలకి వేస్తే నాలుగింటికి కిడ్నీలు పోయాయి. ఈ మాట వంశీ నాకు గోడకేసి చూస్తూ చెప్పాడు.

బుధవారం పొద్దున, మంగళవారం అంకెలు ముందురోజుల అంకెల పక్కన పెట్టి చూశాను. అదొక అలవాటు నాకు. పాలవాడి దగ్గర్నుంచి పాప పక్క తడిపిన లెక్క దాకా అన్నీ పుస్తకంలో ఉంటాయి. చూడగానే పొరపాటు రాశాననుకున్నాను. రోజూ పది గ్రాములో పన్నెండు గ్రాములో తగ్గే పాప, మంగళవారం పదిహేను పెరిగింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా పాలకి లేవలేదు. మూడింటికి నేను మెలకువ వచ్చి చూసిన వేడి తొంభై తొమ్మిది. ఆ వేళకి మామూలుగా నూటొకటి దాటేది.

నేను తిన్నది ఏమన్నా మారిందా? లేదు. మందుల చుక్కలు? అవే. నీళ్ళు పోసిన వేళ? ఎనిమిదే. పాత చీర పక్క, అదే పంచె, అదే గది. అన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వస్తే చివరికి ఒకటే మిగిలింది. ఆ మధ్యాహ్నం నేను నిద్రపోయాను. తెర తడపలేదు. గుడ్డ వెయ్యలేదు.

సాయంత్రం వంశీ షూ విప్పుతుండగానే పుస్తకం చేతిలో పెట్టాను. నిలబడే చదివాడు.

"ఒక్క రోజు హైమా. ఒక్క రోజు రుజువు కాదు."

"నేనూ రుజువన్లేదు. అడుగుతున్నాను."

"చలవ చేస్తే పిల్ల వేడెక్కుతుందా? విన్నవాళ్ళు నవ్వుతారు."

"చలి తగిలితేనే కుంపటి రాజుకుంటుందని గాజు పళ్ళెంలో చూపించింది మీరే కదా."

"అది మామూలు బిడ్డకి. కాస్త చలి తగిలితే కాస్త రాజుకుంటుంది, ఒళ్ళు వెచ్చబడగానే ఆగిపోతుంది. ఈ బీజానికి ఆగడం తెలీదు."

"ఆగడం తెలీనిదాని మీద మనం గంటకోసారి తడిగుడ్డ వేస్తున్నాం."

వంశీ కుర్చీలో కూర్చున్నాడు. ఒక షూ కాలికి ఉండగానే పుస్తకం మొదటి పేజీ తిప్పాడు. ఫిబ్రవరి, మార్చి. ఫ్లానెల్ గుడ్డల్లో చుట్టిపెట్టిన రోజులు. పెరిగిన బరువులు. ఏప్రిల్ రెండో వారం. తెర కట్టిన రోజు కూడా నేను రాసే ఉంచాను, తారీకుతో సహా. కింద గీత కూడా గీశాను, వట్టివేళ్ళు కొత్తవని గుర్తుకి.

"మళ్ళీ చేసి చూడాలి," అన్నాడు చివరికి. "రేపు, ఎల్లుండి తడి లేకుండా. శనివారం మళ్ళీ తడితో."

"శనివారం ఎందుకు? రెండ్రోజులు బాగుంటే చాలదా?"

"చాలదు. తడి వేస్తే వేడి మళ్ళీ పెరిగితేనే తడి వల్ల అని చెప్పగలం. అది లేకపోతే ఫిరోజా మేడమ్ ముందు ఈ పుస్తకం పాలలెక్క."

అర్థమైంది. నేను చదివింది జువాలజీయే. అర్థం కావడం వేరు, అది నా పాప అవడం వేరు.

గురువారం పొద్దున్నే తెర విప్పి చుట్టేశాను. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడిపోయారు.

"ఏం పిచ్చి ఇది? పిల్ల కాగిపోతుంది."

"రెండ్రోజులు చూద్దాం అత్తయ్యా."

"రోళ్ళు పగిలే ఎండల్లో రెండ్రోజులా? ఒరే వంశీ, మీ ఆవిడకి ఎండదెబ్బ తగిలిందేమో చూడు."

వంశీ గోడకి ఉష్ణమాపకం తగిలించాడు. పాత మేడ, రెండడుగుల మందం గోడలు. గది ముప్ఫై నాలుగు డిగ్రీలు దాటలేదు. ఫ్యాను గాలి పాప మీద పడకుండా ఉయ్యాల మూలకి జరిపాను. ఒక పలచటి ఫ్లానెల్ ముక్క వీపు మీద మాత్రం కప్పాను. గంటకోసారి వేడి చూసి రాశాను. గది ముప్ఫై అయిదు దాటితే ఆపేద్దామని ఇద్దరం ముందే అనుకున్నాం.

ఆ రోజంతా అత్తగారు ఒక చేత్తో ఆవకాయ కలుపుతూ, ఇంకో చేత్తో గుండె పట్టుకున్నంత పనిచేశారు. పది నిమిషాలకోసారి వచ్చి మోచేత్తో పాప నుదురు తాకి చూసేవారు, చేతులకి కారం ఉందని. సాయంత్రానికి ఆ రావడం తగ్గింది. వేడి తొంభై ఎనిమిదిన్నర. బరువు ఇరవై గ్రాములు ఎక్కువ. శుక్రవారం ఇంకో ఇరవై అయిదు. పాప మొదటిసారి తనంతట తాను పాలు వదిలేసి నా మొహంలోకి చూసింది. అంతకుముందు ఎప్పుడూ ఖాళీ అయ్యేదాకా వదిలేది కాదు.

అత్తగారు చుట్టి ఉన్న వట్టివేళ్ళ తెరని తీసుకెళ్ళి పెరట్లో బావి గట్టు వెనక పడేశారు.

శనివారం దాన్ని నేనే దులిపి తెచ్చాను.

"మళ్ళీ ఎందుకే అది?" అన్నారు ఆవిడ. చెప్పాను. వింటూ వింటూ ఆవిడ మొహం మాడిపోయింది. "అంటే, మంచిది కాదని తెలిసీ వేస్తావా?"

"అవునత్తయ్యా."

"నా కళ్ళ ముందు వద్దు," అని మేడ మీదకి వెళ్ళిపోయారు. ఆరబెట్టడానికి పైన ఆవిడకి ఆ రోజు ఏమీ లేవు.

పదకొండింటికి తెర తడిపాను. గుడ్డ పిండి పాప వీపు మీద వేశాను. వంశీ గడియారం పట్టుకుని పక్కన కూర్చున్నాడు. నాలుగు గంటలు అనుకున్నాం.

పావుగంటకి తొంభై తొమ్మిది. అరగంటకి నూరు. పాప లేచింది, పాలు తాగింది, మళ్ళీ అడిగింది. గంటకి నూటొకటిన్నర. గుడ్డ ఆరిపోతే మళ్ళీ తడిపాను, నా చేతులతోనే. భుజాల మధ్య బీజం నాటిన ఆ రూపాయంత మేర వేలు పెడితే చురుక్కుమంది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఏడుపు కూడా సన్నబడింది. అరిచేందుకు కూడా ఒంట్లో సరుకు ఉండాలి కదా.

గంటా యాభై నిమిషాలకి నూటరెండు. గుడ్డ తీసేశాను.

"ఇంకా రెండు గంటలుంది," అన్నాడు వంశీ.

"నాకు చాలు."

"హైమా, మేడమ్‌కి చాలదు."

"మీ మేడమ్‌కి చాలేదాకా చూస్తే మిగలడానికి ఏముంది ఇక్కడ?"

తెరని లాగితే కొక్కెంతో సహా ఊడొచ్చింది. పాపని ఫ్లానెల్‌లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఒళ్ళు కాలుతున్న బిడ్డని ఇంకా చుట్టడానికి చెయ్యి రాదు. వచ్చేలా చేసుకున్నాను. యాభై నిమిషాలు పట్టింది వేడి దిగడానికి. అంతసేపూ వంశీ రాస్తూనే ఉన్నాడు. రాసిన అంకెలు కొన్ని కొట్టేసి మళ్ళీ రాశాడు.

సాయంత్రం ఫిరోజా గారికి ఫోన్ చేశాడు. ఆవిడ గొంతు పక్కనున్న నాకూ వినపడింది. కేకలు వెయ్యలేదు. "వంశీ, ఒక ఇల్లు, ఒక బిడ్డ, మూడు రోజులు. నాకూ నమ్మాలనే ఉంది. నమ్మి ఆగితే, ఈ లోపు ఇంకొకరు పోతే? ఏడో నంబరు తల్లికి కబురు చెప్పింది నేనే. రెండోసారి చెప్పలేను. సోమవారం సోమవారమే."

ఆవిడది తప్పనలేను. ఆవిడ కుర్చీలో ఉంటే నేనూ అదే అంటానేమో.

ఆదివారం మధ్యాహ్నం వడ్డనకి ముందు మేరీ రత్నం ఫోన్ చేసింది. నాలుగో నంబరు బాబు తల్లి. కానూరులో ఉంటుంది, శాల వార్డు బయట బల్లల మీద పరిచయం. పిల్లల బరువులు ఒకరికొకరం చెప్పుకుంటూ ఉంటాం.

"అక్కా, బాబుకి నిన్న నూటమూడు వచ్చింది. పొద్దున వార్డులో చేర్చుకున్నారు. సూది రేపు ముందు వీడికేనంట."

"ఎలా ఉన్నాడు?"

"ఏడుస్తున్నాడు, ఆకలంటాడు. కానీ ఏసీ బాగా పెట్టారక్కా. నాకే చలేస్తోంది. దేవుడి దయ, ఇక చల్లబడతాడు."

వాడిని నీ గుండెకి హత్తుకుని పైన నీ కొంగు కప్పుకో అన్నాను. "అయ్యో, వేడెక్కడా?" అంది. నర్సు పిలుస్తోందని పెట్టేసింది.

మూడో రోజు తిరగకలిపిన కొత్తావకాయ ఆ పూటే మొదలు. ముద్దపప్పు, వేడన్నం. అత్తగారు ముగ్గురికీ వడ్డించి తనూ కూర్చున్నారు. ఫ్యాను ఒకటో అంకెలో కూడా లేదు, పాప ఉయ్యాల పక్కనే ఉంది కాబట్టి. ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి.

నేను అన్నం కలపకుండానే చెప్పాను. "రేపు పాపకి సూది వేయించను. సంతకం పెట్టింది నేనే, వెనక్కి తీసుకునేదీ నేనే."

వంశీ తల ఎత్తలేదు. "అప్పుడు ఆ బీజం జీవితాంతం దాంతోనే ఉంటుంది. వానలో తడవకూడదు. చన్నీళ్ళు పోసుకోకూడదు. ఒక జలుబు చేసినా మనం భయపడాలి. పెళ్ళయి వెళ్ళినా ఎవరో ఒకరు దాని ఒళ్ళు చూస్తూ ఉండాలి."

"తెలుసు."

"ఇది నిజం కాకపోతే?"

"మీరు శనివారం నా పక్కనే కూర్చున్నారు."

అతను ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకోలేదు. "ఏడో నంబరు పాప," అన్నాడు. "చనిపోయిన రోజు పొద్దున నర్సు నన్ను పిలిచింది, ఒళ్ళు పేలిపోతోందని. ఏసీ ఇరవై నాలుగులో ఉంది. ఇరవైకి తగ్గించింది నేను."

నాకు ఆ మనిషి మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. ఎంగిలి చెయ్యి అని కాదు, నా వేళ్ళు ఇంకా అన్నం తాకనే లేదు. ఎందుకు ఆగానో తెలీదు.

అత్తగారు నెమ్మదిగా అన్నారు. "నలభై రోజులు తడిగుడ్డ వేసిన చేతులురా ఇవి. నీ ఒక్కడివే అనుకోకు."

"రేపు పొద్దున్నే వెళ్ళి వార్డులో ఏసీ ఆపిస్తాను," అన్నాడు వంశీ. "పుస్తకం కమిటీ ముందు పెడతాను. నేను తగ్గించిన సంగతి కూడా రాసిస్తాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది."

"రేపా?" అన్నాను. "మేరీ రత్నం బాబు పొద్దుట్నుంచి ఆ గదిలో ఉన్నాడు."

అతను గోడ గడియారం చూశాడు. ఒంటిగంటా ఇరవై. శనివారం మా పాపకి నూటరెండు రావడానికి ఎంతసేపు పట్టిందో అతనే రాశాడు.

కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. "మొదట ఏసీ ఆపుతాను. ఆ తర్వాతే మేడమ్‌కి ఫోన్. వద్దనడానికి ఆవిడకి వ్యవధి ఇవ్వను."

మజ్జిగన్నం తినకుండా ఎవరైనా లేస్తే ఒప్పుకోని మా అత్తగారు అతనికంటే ముందు లేచారు. అల్మారా తెరిచి ఫిబ్రవరిలో తను కుట్టిన ఫ్లానెల్ గుడ్డల మూట తీసి చంకన పెట్టుకున్నారు.

"నేనూ వస్తున్నాను. మండిపోతున్న బిడ్డకి గుడ్డ చుట్టమని నువ్వు చెబితే ఆ బాబు తల్లి నీ మొహం చూస్తుంది. నేను చెబితే వింటుంది," అన్నారు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ. "తడిగుడ్డ వేసి వేసి తెలుసుకున్నదాన్ని."